యాకిసోబాకు దమ్ము పెట్టిన శుక్రవారం

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది నేను కువైట్‌లో, జాబ్రియాలోని ఒక పెద్ద కుటుంబం దగ్గర వంటవాడిగా ఉన్నాను. ఇఖామాలో, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డులో, నా హోదా తబ్బాఖ్. ఇంటి పనివాళ్లలో తబ్బాఖ్‌ది పై మెట్టు. ఏ సరుకు తేవాలో డ్రైవరుకు చెప్పేది అతనే, ఉల్లిపాయలు ఎలా తరగాలో పనమ్మాయికి చెప్పేదీ అతనే. రాయచోటిలో పెళ్లి బిర్యానీలు వండి వచ్చినవాణ్ని కాబట్టి ఆ అధికారం నాకు పుట్టుకతోనే వచ్చిందనుకునేవాణ్ని.

ఆ ఏడు ఇంటావిడ కూతురు నూరా జపాన్‌లో చదువు ముగించుకుని వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి అందరితో కూర్చోకుండా, ఫోన్లో ఏవో తెప్పించుకుని గదిలోనే తినేది. మేం మామా అని పిలిచే ఇంటావిడ ఒకరోజు నాతో ఖరాఖండీగా చెప్పేసింది. శుక్రవారం భోజనానికి పిల్లకిష్టమైన యాకిసోబా చేయాలి, ఆ పిల్ల వచ్చి బల్ల దగ్గర కూర్చోవాలి. లేదంటే మామా ఆ వంటలు తెలిసినవాణ్ని తెచ్చుకుంటుంది, నా ఇఖామా రెన్యూ చేయదు. ఖలాస్. ఊళ్లో నా ఇల్లు అప్పటికి సగం గోడల్లో ఉంది. భయమేసింది. భయమేస్తే నా నోటికొచ్చే మాట ఒక్కటే: "నాకు తెలుసు మామా."

యాకిసోబా అంటే జపాన్ వాళ్లు పెనం మీద వేయించే నూడుల్స్. నూరా వీడియో చూపించబోతే మర్యాదగా వద్దన్నాను. నూడుల్స్ కూడా ఫోన్ చూసి వండితే తబ్బాఖ్ పరువేం కాను!

కువైటీ ఇళ్లలో శుక్రవారం మధ్యాహ్నం బంధువులంతా వస్తారు. భోజనం పెద్ద పళ్లెంలో, అందరికీ ఒక్కసారే వెళ్లాలి. అందుకే మచ్బూస్ అనే మాంసం అన్నాన్ని ముందే వండి దమ్ము మీద ఉంచుతాం. ఇదీ అదే పద్ధతిలో చేశాను. మచ్బూస్ గిన్నెలో కోడిముక్కలు, క్యాబేజీ, క్యారట్ వేసి, వాటిమీద నూడుల్స్ పరిచి, సాసు సీసా మొత్తం గుమ్మరించి, మూత చుట్టూ పిండి మెత్తి సన్నసెగ మీద పెట్టాను. బంధువులు దిగాక దర్జాగా మూత తీశాను.

రాజంపేట నుంచి వచ్చిన పనమ్మాయి లక్ష్మి తొంగిచూసింది. "ఇదేందన్నా, బంకమాదిరి ఉండాదే! కత్తి తేమంటావా?"

"ఊరుకో మే, ఆవిరి పోతే విడిపోతాది," అన్నాను. విడిపోలేదు. గరిటె గుచ్చి పైకెత్తితే నూడుల్స్‌తో పాటు గిన్నె కూడా లేచింది.

అదే సమయానికి నూరా వంటింట్లోకి వచ్చింది. గిన్నెలోకి చూసి, స్టూలు మీద కూలబడి నవ్వింది. ఆ ఇంట్లో ఆ పిల్ల నవ్వు వినడం నాకదే మొదలు. ఇక సామాను సర్దుకోవాల్సిందేననుకున్నాను. ఆమె మాత్రం తన గదిలో దాచుకున్న నూడుల్స్ ప్యాకెట్లు తెచ్చి, చొక్కా చేతులు పైకి మడిచి, "యల్లా, కానీయ్ ఖాదర్, క్యాబేజీ తరుగు," అంది. తరిగాను. నూడుల్స్ మీద కాసిని నీళ్లు చిలకరించి విడదీసి, బాగా కాగిన పెనం మీద ఒక్కొక్కరి పళ్లేనికి సరిపడా మాత్రమే వేసి, చివర్లో సాసు పోసి గబగబా కలిపి దించింది. పళ్లెం తర్వాత పళ్లెం. బంధువులు తమ వంతు కోసం కాచుకుని కూర్చున్నారు.

లక్ష్మి నా చెవిలో అంది: "ఇది మన ఉగ్గాని మాదిరే గదన్నా. నానేసిన బొరుగులు పిండి, పోపులో తిప్పి దించేదే గదా. ఉగ్గానికి ఎవురన్నా దమ్ము పెడతారా?"

నూరా చివరి పళ్లెం తనకు పెట్టుకుని వెళ్లి తల్లి పక్కన కూర్చుంది.

ఇఖామా రెన్యూ అయింది. నా వంట మెచ్చి కాదు. అది చెడిపోబట్టే కూతురు గది దాటి వచ్చిందని మామా నా మొహం మీదే చెప్పింది. సంతోషించాను, సిగ్గు కూడా పడ్డాను. పెనం మీద వంట మనుషుల కోసం ఆగదని, దానికోసం మనుషులే ఆగాలని ఆ రోజు తెలుసుకున్నాను. తెలియనిదాన్ని అడిగితే పని పోదని కూడా. అక్కడ పని చేసినన్నాళ్లూ శుక్రవారాల్లో పెనం నూరాది. క్యాబేజీ తరిగే హోదా నాది.