ఫిజిక్స్ సారు పసరు సీసా

ఆయన మీద నాకు పగ పుట్టిన రోజు ఇప్పటికీ బాగా గుర్తు. ఎనభైల చివరి సంవత్సరాలు. తెనాలిలో ఒక కాలేజీలో నేను ఇంటర్ పిల్లలకు తర్కశాస్త్రం చెప్పేదాన్ని, ఆయన ఫిజిక్స్ చెప్పేవాడు. ఆదివారం వచ్చిందంటే చాలు, ఇద్దరు ముగ్గురు లెక్చరర్లను వెంటేసుకుని, పెట్టెనిండా సామానుతో పల్లెటూళ్ళకు బయల్దేరేవాడు. నాలుక మీద కర్పూరం వెలిగించడం, నిమ్మకాయలోంచి రక్తం కార్చడం, ఆ తర్వాత అందులో కిటుకేమిటో చెప్పడం. జనానికి సైన్సు చెప్పడమంటే ఆయన దృష్టిలో అదే.

నేనూ కొన్నాళ్ళు వెంట వెళ్ళాను. కొల్లూరులో ఆట అయిపోయాక ఒక ముసలామె మనవరాలిని చంకనెత్తుకుని ఆయన దగ్గరికొచ్చింది.

"బాబూ, నీ చేతిలో ఏదో ఉందయ్యా. ఈ పిల్లకి రోజూ జ్వరం. తల మీద ఓసారి చెయ్యి పెట్టు" అంది.

అంతసేపూ మహిమలు లేవని మొత్తుకున్న మనిషి మొహం చూడాలి అప్పుడు! నాకు నవ్వాగలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయనకు చెప్పాను. కిటుకు చూపిస్తే చాలదండీ, వాళ్ళు నమ్మేది ఎందుకు నమ్ముతున్నారో వాళ్ళనే అడగాలి, జవాబు వాళ్ళ నోటనే రావాలి, సైన్సు అక్కడ మొదలవుతుంది అన్నాను. ఆయన "చూద్దామండి" అన్నాడు.

చూశాడు! మర్నాడు స్టాఫ్ రూములో ముప్పై మంది ముందు, క్యారియరు విప్పుతూ అన్నాడు: "మేడమ్‌గారికి అన్నం పెట్టామనుకోండి, ఇది అన్నమేనని మీకెలా తెలుసండీ అని అడుగుతారు. ఈలోగా మనం చేతులు కడుక్కుని వెళ్ళిపోతాం."

అందరూ పగలబడి నవ్వారు. తెలుగు మాస్టారికైతే పొలమారింది. సిగ్గులేని దాన్ని, నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఈనాటికీ నా ఒళ్ళు మండిపోతుంది. ఆ వేసవిలోనే పిల్లలు చేరడం లేదని తర్కశాస్త్రం ఎత్తేశారు. ఎత్తేయమన్న కమిటీ కాగితం మీద మొదటి సంతకం ఆయనదే. నన్ను లైబ్రరీలో కూర్చోబెట్టారు. పుస్తకాల దుమ్ము దులుపుతూ, ఈ మనిషి నలుగురిలో తలదించుకునే రోజు నా చేతుల మీదుగానే రావాలని రోజూ కోరుకున్నాను. దేవుణ్ణి పెద్దగా నమ్మను గానీ ఈ ఒక్క కోరికా ఆయనకే విన్నవించుకున్నాను.

రెండేళ్ళకు మా బావకు పచ్చకామెర్లు వచ్చాయి. అక్కావాళ్ళది రేపల్లె. బావ అక్కడే బడిలో లెక్కల మాస్టారు. కళ్ళు పసుపు ముద్దల్లా అయ్యాయి, ఒళ్ళంతా ఒకటే దురద, ఉండుండి చలిజ్వరం. ఊళ్ళో డాక్టరు ఇవి మామూలు కామెర్లు కావు, లోపల రాయేదో అడ్డం పడ్డట్టుంది, ఆపరేషన్ కావాలి, ఆలస్యం చేయకుండా గుంటూరు తీసుకెళ్ళండి అన్నాడు. అక్క మాత్రం బాపట్ల అవతల పసరు పోసే ఆయన దగ్గరికి వెళదామని పట్టుబట్టింది. రేపల్లె బండెక్కి అక్క దగ్గరికి వెళ్ళాను.

"పసరు తాగి తగ్గినవాళ్ళు నీకెంతమంది తెలుసు?" అన్నాను.

"మా వీధిలోనే నలుగురున్నారే."

"తాగకుండా తగ్గినవాళ్ళు?"

"తాగకుండా ఎవరుంటారే?"

"మరి పసరు వల్లే తగ్గిందని ఎలా తెలిసింది? మామూలు కామెర్లు పత్యంగా పడుకుంటే వాటంతటవే పోతాయటగా. పైగా తగ్గనివాళ్ళు వచ్చి నీకు చెబుతారా?"

అక్క బియ్యం ఏరుతున్నదల్లా ఆపేసింది. తర్వాత తనే అంది: "ఎదురింటివాళ్ళ తమ్ముడు పసరు తాగాకే పోయాడే. అతని సంగతి ఎవరూ చెప్పుకోరు."

నేను చెప్పలేదు, తనే కనిపెట్టింది. నాకు ఎంత గర్వం వేసిందో! సోమవారం పొద్దున బండికి తెనాలి వస్తామని, అక్కణ్ణించి ముగ్గురం గుంటూరు వెళదామని మాట ఇచ్చింది.

అయినా అక్క మళ్ళీ మెత్తబడుతుందేమోనని నాకు లోపల భయమే. ఆ పసరు చోటేమిటో కళ్ళారా చూసి చెబుదామని శుక్రవారం మొదటి బండికి బాపట్ల వెళ్ళాను. ఊరి బయట తాటాకు పందిరి, బారులు తీరిన జనం. వైద్యుడు డబ్బు ముట్టడు. సీసాలో పసరు పోసిచ్చాక వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోవాలి, చూస్తే పనిచేయదని నమ్మకం. నేను వరస చివర నిలబడి అడ్డమైన ప్రశ్నలూ వేస్తున్నాను. అప్పుడు చూశాను, పందిరి కింద చేతిలో సీసా పట్టుకుని ఫిజిక్స్ సారు!

ఆయనే. అదే తెల్లచొక్కా, అదే కళ్ళజోడు. సీసాకు బిరడా బిగించి, వెనక్కి చూడకుండా గబగబా రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు. నా కడుపు నిండిపోయింది. రైల్లో టీ తాగాను, వేరుశనక్కాయలు కొనుక్కుని తిన్నాను, తెనాలి వచ్చేదాకా నాలో నేనే నవ్వుకున్నాను. ఎదురు సీటులో ఉన్నావిడ ఏంటండీ అంత సంతోషం అని అడిగింది కూడా.

మర్నాడు సాయంత్రమే రేపల్లెలో బడి ఆవరణలో ఆయన సభ. నేను మధ్యాహ్నం బండికే అక్క ఇంట్లో వాలాను.

"రావే, ఇవాళ మంచి తమాషా చూద్దువుగాని" అని బావను పక్కింటివాళ్ళకు అప్పగించి అక్కను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఇద్దరం ముందు వరసలో కూర్చున్నాం.

ఆయన కామెర్ల గుట్టే విప్పాడు ఆ రోజు. మామిడి బెరడు రసం చేతులకు రాసుకుని, సున్నపు తేటలో కడిగాడు. నీళ్ళు పసుపుపచ్చగా అయ్యాయి. కామెర్లు దిగిపోతున్నాయని ఇలా మోసం చేస్తారండీ, పసర్లు నమ్మకండీ, ఆసుపత్రికి వెళ్ళండీ అన్నాడు. చప్పట్లు కొట్టారు. అప్పుడు లేచాను.

"నాదో ప్రశ్నండీ. నిన్న పొద్దున మీరు ఎక్కడున్నారు?"

ఆయన మొహం పాలిపోయింది.

"బాపట్ల దగ్గర పసరు పోసే పందిరి కింద లేరూ? చేతిలో సీసా లేదూ?"

"ఉన్నానండి. కానీ అది..."

"పుచ్చుకున్నారా లేదా? అవునో కాదో చెప్పండి చాలు!"

"పుచ్చుకున్నానండి. అయితే మేడమ్, ఒక్క మాట..."

ఒక్క మాట కూడా చెప్పనివ్వలేదు. "మాకొక సైన్సూ, మీ ఇంటికొక సైన్సూనా సార్?" అన్నాను. ఆవరణంతా గొల్లుమంది. వెనక కుర్రాళ్ళు ఈలలు వేశారు. ఆయన చేతులు పచ్చటి నీళ్ళు కారుతుండగా అలాగే నిలబడిపోయాడు. స్టాఫ్ రూము నవ్వుకు వడ్డీతో సహా చెల్లించాను. ఆ రాత్రి అక్క ఇంట్లో రెండుసార్లు మారు వడ్డించుకుని తిన్నాను. అక్క ఏదో ఆలోచనలో ఉంది, నాతో ఎక్కువగా మాట్లాడలేదు. బావకు బెంగ కాబోలనుకున్నాను.

సోమవారం తెనాలి స్టేషన్లో ఎదురుచూశాను. రేపల్లె బండి వచ్చింది, ఖాళీ అయింది, వాళ్ళు దిగలేదు. తర్వాతి బండికీ రాలేదు. ఆ సాయంత్రమే రేపల్లె వెళ్ళాను. బావ ముందు ఉప్పులేని మజ్జిగన్నం, కిటికీలో పసరు సీసా. ఆదివారం తెల్లవారుజామునే పక్కింటాయన్ని పంపి తెప్పించిందట.

"ఏంటే ఇది?" అని అరిచాను.

"అంత చదువుకున్న సారే పుచ్చుకున్నాడని నువ్వే కదే నిరూపించావు? పైకి ఏం చెప్పినా ఇంటిదాకా వస్తే ఆయనా అక్కడికే వెళ్ళాడు. ఆయనకి తెలియదంటావా?" అంది అక్క.

పెద్దమనిషి చేశాడు కాబట్టి అది సరైనదే అనుకోవడం ఎంత తప్పో పదకొండేళ్ళు నల్లబల్ల మీద రాసి చూపించినదాన్ని. ఆ తప్పును మా అక్క చేతిలో నేనే పెట్టాను. కాళ్ళావేళ్ళా పడ్డాను, తిట్టాను, ఏడ్చాను. పదకొండు రోజులు పత్యం అయ్యేదాకా కదలనంది. తొమ్మిదో రోజున బావకు స్పృహ తప్పింది. గుంటూరులో డాక్టరు చీము పట్టిందమ్మా, వారం ముందు తెచ్చి ఉంటే రాయి తీసేసి పంపేవాళ్ళం అన్నాడు. రెండు రోజులకు బావ పోయాడు.

పలకరించడానికి ఫిజిక్స్ సారు వచ్చాడు. ఆయన్ని గుమ్మంలో చూడగానే నాకు పూనకం వచ్చినట్టయింది.

"మీ వల్లే పోయాడండీ! మీరు ఆ సీసా పట్టుకోకపోతే మా బావ బతికేవాడు" అని కేకలు వేశాను.

ఆయన చెప్పులు విడిచి, చాప మీద అక్కకు దూరంగా కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. అక్కతోనే చెప్పాడు.

"మా ఆవిడకి కామెర్లమ్మా. గుంటూరులోనే వైద్యం. పసరు తెస్తేగానీ ముద్ద ముట్టనని మా అమ్మ మూడు రోజులు పస్తులుంది. అమ్మ పోరు పడలేక తెచ్చి, దారిలో కాలవలో పారబోసి, సీసాలో గోంగూర నూరి కలిపిన నీళ్ళు పోసి చూపించాను. ఆ రోజు అదే చెప్పబోయాను."

చెప్పనివ్వలేదని ఆయన అనలేదు. అంటే బాగుండేది, నాకు పోట్లాడడానికి ఏదైనా దొరికేది. ఆ మంచితనానికి కూడా ఆయన్ని నేనింకా క్షమించలేదు.

ఆయన వెళ్ళిపోయాక అక్క గోడకానుకుని కూర్చుంది. తర్వాత అరవకుండా, తిట్టకుండా, చిన్నప్పుడు నన్ను అన్నానికి పిలిచే గొంతుతో అడిగింది.

"ఏమే, నన్ను కూర్చోబెట్టి అన్ని ప్రశ్నలు అడిగావు. ఎందుకు తీసుకున్నావయ్యా అని ఆయన్ని ఒక్కటి అడగలేకపోయావా?"