వెలి అని రాయమన్న సారు

మా తెలుగు సారు పోయిండని పోయిన నెల ఒక మంగళవారం పొద్దున సారు భార్య ఫోన్ చేసింది. ఆమెను మేం అవ్వ అంటం. "మీ సారు లేడు బిడ్డా" అన్నది. ఆమె నాకు ఫోన్ చేసినందుకే సిగ్గుతోని చచ్చిపోయిన. ఎందుకో చెప్పనీకే ఇది రాస్తున్న.

జనగామ బడిల సారు నాకు మూడేండ్లు తెలుగు చెప్పిండు. ఆదివారం ఇద్దరం ఒకటే చర్చికి పోయేది. మాటలంటే ఆయనకు పిచ్చి. హోటల్ల చాయ్ గ్లాసు చల్లారిపోయేది, చాయ్ అన్న మాట చీనా నుంచి ఎట్ల నడిచొచ్చిందో చెప్పుకుంట కూచునేటోడు. అంగి జేబుల పెన్సిలు ముక్క ఉండేది. పేపరు అంచుల మీద మాటలు రాసుకునేటోడు.

రాష్ట్రం కోసం దీక్షలు నడిచే రోజులల్ల ఒకాయన సారు కూచున్న టెంటు కాడికొచ్చి, "మీది ఉర్దూ కలిసిన తెలుగు కద సార్" అన్నడు.

"దవాఖాన ఉర్దూదే, నిజం. మరి ఆసుపత్రి ఎక్కడిది? ఇంగ్లీషోని హాస్పిటలే గద, నోరు తిరగక గట్లయింది. మాటలు అందరం తెచ్చుకున్నం. నవ్వుడు మాత్రం మా మీదనే" అన్నడు సారు. టెంటంత చప్పట్లు కొట్టింది.

ఆ యేడు గదే టెంటు ముంగట ఆడోళ్లు రోడ్డు మీద పూలు పేర్చి బతుకమ్మ ఆడిండ్రు. అవ్వ గూడ కలిసింది. ఆ వారమే పాస్టరు దాన్ని విగ్రహారాధన అన్నడు. ప్రార్థన అయినంక పెద్దలు సారును కూచోబెట్టిండ్రు. నేను చర్చి సంఘం కార్యదర్శిని. మీటింగు రాసే పుస్తకం పట్టుకొని పక్కన కూచున్న.

"మీ ఇంటావిడ క్షమాపణ చెబితే సరిపోతుంది సార్. అన్యుల ఆచారాలు మనకెందుకు?" అన్నడు పాస్టరు. ఆయనది కోస్తా.

"అన్యులయి తీసేస్తే మనకేం మిగుల్తది అయ్యగారూ?" అన్నడు సారు. "ఆదివారం అంటే ఆదిత్యుని వారం. క్రిస్మస్ తారీఖు రోమోళ్ల సూర్యుని పండుగదని కొందరంటరు, కాదని కొందరంటరు. అది ఇంక తెగలే, పక్కకు పెట్టుండ్రి. సువార్తలు గ్రీకు భాషల రాసిండ్రు గద, దేవునికి ఏ మాట వాడిండ్రు? థెయోస్. గుళ్లల్ల తమ పాత దేవుళ్లను పిలిచిన మాటనే. మన దేవుడు అన్న మాట ఎక్కడిది? తెల్లదొరలు రాకముందు ఈ ఊరోళ్లు ఆ మాటతోని ఎవరిని పిలిచిండ్రు? మాట పాతదే, పిలిచే మనసు కొత్తది. పూలు గూడ గంతే."

పాస్టరు నవ్విండు. "గంతే, గట్ల అంటూ వేదాంతం చెబితే ఎలాగండీ?" అన్నడు. పెద్దలు నవ్విండ్రు. వాళ్లంత మా జనగామోళ్లే. నేను గూడ నవ్విన.

అవ్వ క్షమాపణ చెప్పలేదని రెండు వారాలకు సారును సంఘం నుంచి తీసేసిండ్రు. ఆ కాగితం రాసింది నేనే, ఇంటికి తీసుకపోయి ఇచ్చింది నేనే. సారు అద్దాలు పెట్టుకొని రెండుసార్లు సదివిండు.

"అక్షరాలు మంచిగున్నయి. బహిష్కరణ అని రాసినవేంది బిడ్డా? వెలి అని రాయకపోతివా. మన మాట అది, సూటిగ తాకుతది" అన్నడు. లోపలికి తిరిగి, "పిల్లగాడొచ్చిండు, జర చాయ్ పెట్టు" అన్నడు.

నేను తాగకుండనే లేచొచ్చిన. ఆయన పోయిన రోజు దాంక ఆ గల్లీకి పోలే. దారిల ఎదురైతే సారే చెయ్యి ఊపేది, నేను వేరే దిక్కు చూసేది.

సారు పోయిన రోజు చర్చి సమాధుల తోటల జాగ అడగనీకి పెద్దల కాడికి పోయిన. ఇప్పటికైన తప్పయిందని అవ్వ కాగితం రాసియ్యాల్నట. మళ్ల నేనే మోసుకపోయిన ఆ మాట.

"ఆయన బతికుండంగ రాయనిది, ఇప్పుడు రాస్తనా?" అన్నది అవ్వ.

లింగాల ఘనపూర్ అవతల వాళ్ల పత్తి చెలకల బొంద తవ్వినం. దీక్షల దోస్తులు, బడి సార్లు వచ్చిండ్రు. పాస్టరు రాలే. వాక్యం సదివెటోళ్లు లేక అందరు నిలబడ్డరు. అవ్వ తన బైబిలు నా చేతిల పెట్టి, "నువ్వు సదువు" అన్నది. పేజీ తెరిసిన. మళ్ల మూసి ఆమె దిక్కే చాపిన.

ఆమె పుస్తకం తీసుకున్నది. వేలు పెట్టుకుంట, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంట సదివింది. పక్క చెలకల పత్తి ఏరెటోళ్లు ఒడి నిండ పత్తితోని అట్లనే నిలబడి విన్నరు, ఆమె ఆఖరి అక్షరం దాంక.