సూఫ్లే ముందు నలుగురం

నా భార్యకు సూఫ్లే పిచ్చి పట్టి రెండేళ్లయింది. పట్టించింది టీవీలో వచ్చే ఓ వంటల పోటీ. గుడ్ల తెల్లసొనను నురగ వచ్చేదాకా గిలకొట్టి, పచ్చసొన, పాలు, చక్కెర కలిపి కాచిన చిక్కటి ముద్దలో మెల్లగా కలిపి ఓవెన్‌లో పెడితే, గిన్నె అంచు దాటి బెత్తెడు ఎత్తు లేచి నిలబడుతుంది. ఫ్రెంచివాళ్ల ఈ తీపి వంటకాన్ని ఆస్ట్రేలియాలో, టూవూంబా ఊళ్లోని మా వంటింట్లో ఆమె ఐదుసార్లు చేసింది. ఐదుసార్లూ ఓవెన్ అద్దంలోంచి దర్జాగా లేస్తూ కనిపించింది. మేం స్పూను పెట్టేసరికి చతికిలబడింది. "రుచి బావుందిలే" అని ప్రతిసారీ అన్నాను. అన్నందుకు ప్రతిసారీ తిట్లు తిన్నాను.

ఆమె ఇక్కడి ఆసుపత్రిలో పాథాలజిస్టు. పోయిన నెల రిటైరైంది. పార్టీ ఎక్కడ కావాలని మా అమ్మాయి అడిగితే క్షణం కూడా ఆలోచించలేదు.

"ఆ ఫ్రెంచ్ రెస్టారెంట్‌కి పోదాం. లేచి నిలబడ్డ సూఫ్లే ఒక్కసారన్నా తినాలి నేను. లేకపోతే ఈ రిటైర్మెంట్ ఎందుకు?"

"అమ్మా, యూ ఆర్ సో డ్రమాటిక్!" అంది అమ్మాయి. ఇక్కడే పుట్టి, ఇక్కడి యూనివర్సిటీలోనే పాఠాలు చెబుతోంది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది.

నాలుగో మనిషి డాక్టరుగారు. చాలా ఏళ్ల కిందట నా భార్యను ఆ ఆసుపత్రిలో ఉద్యోగానికి తీసుకున్న పెద్దాయన. నెల్లూరు మనిషి. రిటైరై ఎంతో కాలమైనా, ఆమెకు ఇప్పటికీ 'సార్'. సార్ లేకుండా తన విందేమిటని ఆమె పట్టు.

ఆదివారం మధ్యాహ్నం వెళ్లాం. పాత ఇటుకల ఇల్లు, ఎనిమిది బల్లలు. వండేది ఫ్రెంచి భర్త, వడ్డించేది క్వీన్స్‌లాండ్ భార్య. బయట చలిగాలి కోసేస్తోంది. లోపల వెన్నలో ఉల్లిపాయలు వేగుతున్న వాసన. బీఫ్ లేనివి ఏవో అమ్మాయి ముందే ఫోన్ చేసి కనుక్కుంది.

చేయడానికి టైం పడుతుంది కాబట్టి సూఫ్లే సంగతి మొదటే చెప్పాలట. నలుగురికీ కలిపి ఒక పెద్దది, నారింజతో. "ఒక్క మాట. బల్ల మీదికి వచ్చాక ఆగకండి. మీకోసం అది ఆగదు" అంది వడ్డించే ఆవిడ. నా భార్య చేతులు కట్టుకుని, కొత్తగా ఉద్యోగంలో చేరినదానిలా తలూపింది.

ముందు ఉల్లిపాయ సూపు వచ్చింది. పైన కాల్చిన బ్రెడ్డు, దాని మీద కరిగిన చీజు. డాక్టరుగారు స్పూను ఎత్తారు. చీజు తీగ సాగింది. ఇంకా ఎత్తారు. ఇంకా సాగింది. ఆయన కుర్చీలోంచి సగం లేచారు, తీగ తెగలేదు. చివరికి అమ్మాయి కత్తితో కోసింది.

"మెల్లగా తల్లీ, మెయిన్ ఆర్టరీ అది!" అన్నారాయన.

పక్క బల్లవాళ్లు కూడా నవ్వారు. ఆ నవ్వు మమ్మల్ని వదల్లేదు. తన కొవ్వులోనే గంటల తరబడి మగ్గిన బాతు కాలు వచ్చింది. చర్మం అప్పడంలా పెళుసు, లోపల మాంసం వేలు తగిలితే ఊడి వచ్చేంత మెత్తన.

"ఇంత ఓపిక మనకెక్కడిదమ్మా? మా ఇంట్లోనైతే ఈపాటికి కారం దట్టించి తినేసి పడుకునేవాళ్లం" అన్నారు డాక్టరుగారు. ప్లేటులో మిగిలిన రసాన్ని చూసి, అటూ ఇటూ చూసి, బ్రెడ్డు ముక్కతో తుడిచారు. వడ్డించే ఆవిడ చూసింది. ఫ్రాన్సులో అందరూ చేసేది అదేనని చెప్పి ఇంకో బుట్టెడు బ్రెడ్డు తెచ్చింది. ఆయన చిన్నపిల్లాడైపోయారు.

అప్పుడు వచ్చింది సూఫ్లే.

తెల్లటి గిన్నె మీద బంగారు రంగు గోపురం. సన్నగా వణుకుతోంది. నారింజ తొక్క పరిమళం. నా భార్య రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది. తర్వాత స్పూను తీసుకుని, డాక్టరుగారి చేతికిచ్చింది.

"సార్, మీరు మొదలుపెట్టండి."

"అదేం మాట! ఈరోజు నీదమ్మా. నువ్వు తిను."

"మీరు తినకుండా నేనెట్లా తింటాను సార్?"

"బావుంది. పార్టీ నీదైతే ముందు నేనా?"

"ఏవండీ, మీరన్నా చెప్పండి సార్‌కి!"

"డాక్టరుగారూ, పెద్దవారు, ముందు మీరే" అన్నాను. పత్రికలో పనిచేసినన్నాళ్లూ ఒక్కరోజు కూడా పేజీ ఆలస్యం కానివ్వనివాణ్ణి నేను.

"పోనీ పాపకు పెట్టండి ముందు" అన్నారాయన.

"గైస్, ఇట్స్ సింకింగ్! సమ్‌బడీ ఈట్ ఇట్!" అని అరిచింది అమ్మాయి.

నలుగురం తల తిప్పి చూశాం. గోపురం మధ్యలో చిన్న గుంట పడింది. గుంట పెద్దదైంది. ఉస్సురని ఓ నిట్టూర్పు వినిపించింది. సూఫ్లేదో, నా భార్యదో ఇప్పటికీ తెలియదు.

ఆమె ఆ గిన్నెలోకి చూస్తూ కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరిగాయేమోనని భయపడ్డాను. తిరిగాయి కూడా. కానీ భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోంది.

"ఏవండీ, మనింట్లో కూడా ఇంతే కదా! నేను 'ముందు మీరు' అనడం, మీరు 'నువ్వు కూడా కూర్చో' అనడం. ఐదుసార్లూ ఇదే! పాపం, రెండేళ్లుగా ఆ ఓవెన్‌ని తిట్టిపోస్తున్నాను!"

ఇక ఆగలేకపోయాం. డాక్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నాకు దగ్గు వచ్చేసింది. వడ్డించే ఆవిడ పరుగున వచ్చి, కూలినదాన్ని చూసి, మమ్మల్ని చూసి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నేను చెప్పానా లేదా?"

"చెప్పారు" అంది నా భార్య. "ఇంకొకటి చేయమనండి. ఎంతసేపైనా కూర్చుంటాం."

కూలినదాన్ని తింటూ కూర్చున్నాం. బాగానే ఉంది. ఆ మాట పైకి అనకుండా జాగ్రత్తపడ్డాను. ఇరవై నిమిషాల్లో ఆమె గడియారం ఎన్నిసార్లు చూసుకుందో. స్పూను మాత్రం చేతిలోంచి దించలేదు.

రెండోది వస్తూ కనిపించింది. మొదటిదానికన్నా ఎత్తుగా, ఒక పక్కకు టోపీలా వాలి. డాక్టరుగారు అలవాటుకొద్దీ నోరు తెరిచారు.

"అమ్మా, ముందు నువ్వు..."

ఆయన మాట పూర్తి కాలేదు. గిన్నె ఇంకా వడ్డించే ఆవిడ చేతుల్లోనే ఉంది. నా భార్య సగం లేచి స్పూను దించేసింది. గోపురం బద్దలై ఆవిరి బుస్సున పైకి లేచింది. ఆమె కళ్లజోడు మసకబారింది. కాలుతున్నా ఊదకుండా, ఎవరినీ చూడకుండా నోట్లో పెట్టుకుంది.

మేం ముగ్గురం స్పూన్లు ఎత్తిపట్టుకుని కూర్చున్నాం.

"ఎట్లా ఉంది?" అన్నాను.

నోరు ఖాళీ లేదు. జవాబుగా గిన్నెను తన వైపు లాక్కుంది.