మైకు పక్కన పెట్టిన మా పక్కింటావిడ

మా పక్కింటి పాటలావిడ పోయింది. ఆదివారం పొద్దున ఆవిడ కొడుకు కంచె దగ్గరికొచ్చి చెప్పాడు. నాకు చదువు పెద్దగా లేదు. అయినా ఆవిడ గురించి ఎవరో రాస్తారులే అని ఊరుకునే మనిషిని కాను.

ఆవిడ నల్లజాతి మనిషి. ఇక్కడ అమెరికాలో ఆపెరా అని ఒకటుంది. మన పద్యనాటకంలాగే కథంతా పాడుతూ ఆడతారు, మైకు ఉండదు. వయసులో ఆవిడకి పనిమనిషి వేషాలే ఇస్తామన్నారట. "రాణి వేషం ఉన్నప్పుడు కబురు పెట్టండి" అని వచ్చేసిందట. ఆ కబురుకి ఏళ్లు పట్టింది. ఈలోగా టీవీలో పిల్లల కార్యక్రమంలో చేరి గుడ్డబొమ్మలతో అంకెల పాటలు పాడింది. రాణి అయ్యాక కూడా అది మానలేదు. తోటివాళ్లు ఎగతాళి చేశారట. "పెద్దవాళ్లు టికెట్ కొన్నారు కాబట్టి కూర్చుంటారు. పిల్లలు నచ్చకపోతే లేచిపోతారు" అనేది.

ఈ కమ్మింగ్ ఊళ్లో మా అమ్మాయి ఇంటికి వచ్చిన కొత్తలో నేను పెరట్లో పద్యం ఎత్తుకుంటే ఆవిడ వచ్చి నిలబడింది. నేను నాటకాల్లో రాజు వేషాలు కట్టినవాణ్ణని తెలిసి కింగ్ అని పిలిచేది. మా మాటలు మా అమ్మాయి అటు ఇంగ్లీషులో, ఇటు తెలుగులో చెప్పేది.

"మీ రాజు ఇంతసేపు రాగం తీస్తే శత్రువు కోట పట్టుకుపోడా, కింగ్?"

"మీ రాణి కత్తిపోటు తిన్నాక కూడా పాడుతూనే ఉంటుంది కదమ్మా. దానికన్నా నయమే."

నవ్వి నవ్వి దగ్గేది. ఆ దగ్గు ఊపిరితిత్తుల జబ్బని తేలింది. డాక్టరు పాడొద్దన్నాడు. "చర్చిలో ఒక్కసారి, నిలబడి, మైకు లేకుండా, చివరి వరసకి వినపడేలా పాడతాను. అది చెయ్యకుండా పోను" అంది.

రోజూ సాధన. ఆవిడ తన పెరట్లో పాడితే నేను మా పెరటి చివర నిలబడి వినేవాణ్ణి.

"వినపడిందా?"

"లేదమ్మా."

మా అమ్మాయి కోప్పడింది. "జబ్బు మనిషి నాన్నా, వినపడిందనొచ్చుగా."

"ఆవిడ అడిగింది నిజం చెప్పమని" అన్నాను. మర్నాడు ఆవిడ మళ్లీ మొదలుపెట్టింది.

ఆవిడ పాడే రోజు చర్చిలో నేను కావాలనే చివరి వరసలో కూర్చున్నాను. ఆవిడ మైకు కొడుక్కిచ్చేసి, తన కోసం వేసిన కుర్చీ పట్టుకుని నిలబడింది. మధ్యలో పాట తెగింది. ఆగి, ఆ చరణం మొదటి నుంచి అందుకుంది. ఈసారి నా దాకా వచ్చింది, నిండుగా.

మన నాటకాల్లో పద్యం బాగుంటే జనం వన్స్ మోర్ అంటారు, నటుడు మళ్లీ పాడాలి. జబ్బు మనిషని తెలుసు. నటికి ఇచ్చే మర్యాద తగ్గించలేను. లేచి వన్స్ మోర్ అని గట్టిగా అన్నాను. అందరూ వెనక్కి తిరిగారు.

"కూర్చో నాన్నా, ఇది చర్చి" అని మా అమ్మాయి చొక్కా లాగింది.

ఆవిడ తలెత్తి చివరి వరసకేసి చూసింది. కుర్చీ మీద చెయ్యి తీసేసింది. దాన్ని పక్కకి జరిపి, ఏ ఆసరా లేకుండా నిలబడి, ఊపిరి తీసుకుంది.