శృతి లేని సన్నాయి

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మాట ఎత్తితే నేను లేచి వెళ్లిపోయేవాణ్ణి. ఇప్పటికీ అంతే. అయినా తొంభైల చివర్లో పెనుకొండలో, పట్టపగలు, మా ఇంట్లో జరిగింది రాయక తప్పడం లేదు.

మాది సన్నాయి కుటుంబం. మా నాయనకు తాత ముత్యాలప్ప. తెల్లదొరల కాలంలో లండన్‌లో జరిగిన సరుకుల ప్రదర్శనకు ధర్మవరం మగ్గాన్ని, నేతగాళ్లను ఓడలో తీసుకుపోయారట. జనాన్ని మగ్గం దగ్గరికి రప్పించడానికి ముత్యాలప్పను తీసుకుపోయారు. పక్కన ఆగకుండా ఒకే స్వరంలో శృతి పట్టే మనిషికి మాత్రం ఓడలో చోటివ్వలేదు. మా ఇంట్లో శృతి లేకుండా ఎవరూ సన్నాయి ఎత్తరు. అక్కడ ఆయన శృతి లేకుండానే వాయించి వచ్చాడు. ఎంత మెచ్చుకున్నా ఆ లోటు ఆయనకు చివరిదాకా తీరలేదని నాయన చెప్పేవాడు.

ఊళ్లో ఎవరూ నమ్మలేదు. నాయన పక్కన డోలు వాయించే మా మేనమామ నరసింహులు ప్రతి పెళ్లిలోనూ ఆటపట్టించేవాడు.

"ఏం బావా, మీ తాత లండన్ సంగతి సరే, సోమందేపల్లన్నా దాటినాడా?"

నాయన నవ్వి సన్నాయి అందుకునేవాడు. రుజువు చూపించకుండానే పోయాడు.

మరుసటి ఏడు, పాత సంగీతం సేకరించే హిందూపురం మాస్టారు ఒకాయన మా ఇంటికి క్యాసెట్ తెచ్చారు. ఆనాటి ప్రదర్శనల్లో మైనపు గొట్టాల మీద పట్టిన పాటలకు నకలు అది. టేపు రికార్డర్‌లో కాసేపు గరగర. తర్వాత ఒక గొంతు: "పెనుకొండ ముత్యాలప్ప." వెంటనే సన్నాయి.

నాయన ఊపిరి మార్చే చోటే ఆయనా మార్చాడు. అమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. మామ తల దించుకున్నాడు.

కాసేపటికి సన్నాయి కింద శృతి కలిసింది.

మామ తలెత్తాడు. "శృతి మనిషి లేడని గదా బావ చెప్తాండె. మరి ఎవరు పడతాండారు?"

మాస్టారు టేపు ఆపారు. సన్నాయి ఆగింది. శృతి ఆగలేదు. అలమరలో, గుడ్డ కప్పి పెట్టిన నాయన శృతిపెట్టె వైపు నుంచి ఒక ఊపిరంతసేపు వినిపించి, సన్నగిల్లి ఆగింది.

గుడ్డ తీసి చూశాను. నాయన జబ్బుపడ్డప్పుడే చినిగిన తిత్తి అలాగే ఉంది. నొక్కితే గాలి తప్ప ఏమీ రాలేదు. ఆ క్యాసెట్ తర్వాత చాలాసార్లు విన్నాను. అందులో సన్నాయి ఒక్కటే ఉంది.

ఇది ఎలా జరిగిందో నాకు ఈనాటికీ తెలియదు. మామ మాత్రం ఆ తర్వాత ప్రతి పెళ్లిలోనూ డోలు దించి అందరికీ చెప్పేవాడు: "వీళ్ల ముత్యాలప్ప లండన్‌లో వాయించినాడప్పా. శృతి మా బావ పట్టినాడు."

నేను ఎప్పుడూ అడ్డు చెప్పలేదు.