గుంపు దాటిన జంటలు

నా మాటల్లో సగం కోతలేనని ఇంటిల్లిపాదికీ తెలుసు. మా కోడలి విషయంలో మాత్రం కొయ్యాల్సిన పనిలేదు, ఉన్నదే బోలెడు.

ఆమె ఆకాశ పరిశోధనశాలలో ప్రోగ్రాములు రాస్తుంది. కంప్యూటర్‌లో వేల నక్షత్రాల గుంపును పోసి, కోట్ల ఏళ్లు నడిపి చూస్తుంది. బరువైన నక్షత్రాలు ముందే కాలిపోయి కృష్ణబిలాలవుతాయి, బరువుకొద్దీ గుంపు నడుమకు దిగుతాయి. అక్కడ చిన్న నక్షత్రంతో జతగా తిరిగే బిలం దగ్గరికి ఇంకో బిలం వస్తుంది. పెనుగులాటలో చిన్నది బయటికి పోతుంది, రెండు బిలాలూ జంటవుతాయి.

"అన్యాయం కదమ్మా?" అన్నాను.

"తీర్పు చెప్పడానికి అక్కడ అత్తమామలు లేరుగా మావయ్యగారూ!"

అయితే నాలుగేళ్లు నడిపినా, ఆమె గుంపుల్లో చివరికి ఆ జంటలు దాదాపు మిగలడం లేదు. సోమవారంలోగా కారణం తేలకపోతే కంప్యూటర్ మరొకరికిస్తానన్నాడు పెద్దసారు.

శనివారం భోజనాల బల్ల నిండా ఆ ప్రోగ్రాము అచ్చుతీసిన కాగితాలు పరిచింది. కంటికి అలవాటైన తప్పును చెవి పట్టుకుంటుందని ఆమె నమ్మకం. కాన్వెంటు సిస్టర్ల బెత్తం పుణ్యమా అని నా ఇంగ్లీషు తడబడదు. నేను ఒక్కో వరుసా చదవడం, ఆమె కళ్లు మూసుకుని వినడం. గుంపు పొలిమేర దాటినదాన్ని లెక్కలోంచి తీసెయ్యమని ఒక వరుస చదివాను.

"ఆగండాగండి! మళ్లీ చదవండి."

చదివాను.

"ఎవడమ్మా ఈ వరుస రాసిన ఘనుడు?"

"నేనే. కంప్యూటర్‌కి బరువు తగ్గుతుందని మొదటి వారంలో రాశా." కాగితం నా చేతిలోంచి లాక్కుంది. "పక్కనుంచి ఏది పోయినా జంట ఇంకాస్త బిగుస్తుంది, ఎదురుతన్ను కూడా తింటుంది. ఆఖరి తన్నుకి జంటే గుంపులోంచి బయటపడుతుంది. చంకలో పిల్లని నేనే దింపేసి, ఊరంతా వెతికా మావయ్యగారూ!"

ఆ వరుస తీసేసి చిన్న గుంపునొకదాన్ని నడిపింది. ఆదివారం సాయంత్రానికి పొలిమేర అవతల మూడు జంటలు తేలాయి.

"కొత్తగా కనిపెట్టానని చెప్పెయ్. పాత వరుస సంగతి ఎవడికి తెలుస్తుంది?" అన్నాను.

"నాకు తెలుసుగా!"

సోమవారం ఏం జరిగిందో ఆమె పక్కసీటు అమ్మాయి ఫోనులో చెప్పింది. అందరిముందూ లేచి, "నాలుగేళ్లుగా తప్పు నాదే. ముందది వినండి," అందట.

పెద్దసారు ఆశ్చర్యపోయాడట. "జంటలు దొరికాయని ముందు చెప్పొచ్చు కదమ్మా?"

"ఇది దాస్తే వాటిని మీరెలా నమ్ముతారు సార్?"

కంప్యూటర్ ఇంకో ఏడాది ఆమెదే. నాలుగేళ్లలో నడిపిన నలభై గుంపులనూ మొదటి నక్షత్రం నుంచి మళ్లీ నడుపుతోంది.