నాకిచ్చిన పెద్ద ఉకులేలే

నాకు సంగీతం వినే చెవి లేదని రెండేళ్ళు నమ్మాను. ఆ మాట అన్నది మా చర్చిలో పాటలు నడిపించే అక్క. సొంత అక్క కాదు, ఆర్మూర్‌లోనే ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. నాకు ఉకులేలే నేర్పింది ఆమే కాబట్టి ఆమె మాట నాకు బైబిలు వాక్యంతో సమానం.

దుబాయ్‌లో పనిచేసి వచ్చిన మా సంఘస్థుడొకాయన చర్చికి నాలుగు ఉకులేలేలు తెచ్చిచ్చాడు. నాలుగు తీగల చిన్న గిటారు అనుకోండి. ఒక్కొక్కటి ఒక్కో సైజు. అన్నిటికంటే చిన్నది అక్క తీసుకుంది. మధ్యవి రెండూ కాలేజీ ఆడపిల్లలకు ఇచ్చింది. పెద్దది నా చేతిలో పెట్టి, "నీ చేతులు పెద్దగున్నయ్ చెల్లె, గిదే నీకు మంచిగుంటది" అంది. మురిసిపోయాను. సీ, ఎఫ్, జీ అనే పట్టులకు వేళ్ళు ఎక్కడ పెట్టాలో మా అందరికీ ఒకేలా నేర్పింది.

నేను పొద్దంతా పసుపు గోదాములో కొమ్ములు ఏరే పని చేస్తాను. ఎంత రుద్దినా గోళ్ళలో పసుపు పోదు. "పసుపు చేతుల్తోని బిగించే మరలు ముట్టకు, తీగలు ఖరాబైతయ్. శ్రుతి నేను చేసిస్త" అనేది అక్క. ప్రతి ఆదివారం తనే బిగించి ఇచ్చేది. నా దానికి రెండు తీగల మీద సన్నటి లోహపు చుట్టు ఉండేది, మిగతావాళ్ళవన్నీ ఉత్త నైలాన్. ఎందుకని అడిగితే, "పెద్దదానికి గట్లనే ఉంటది తియ్" అంది. అబద్ధం కాదు. సగం నిజం చెప్పడంలో ఆమె దిట్ట.

ఇంట్లో ఒక్కదాన్నే వాయించుకుంటే చాలా బాగుండేది. రొట్టెలు చేస్తున్న అమ్మ చెయ్యి ఆపి వినేది. చర్చిలో నలుగురం కలిసి వాయిస్తే మాత్రం ఘోరం. నా ఒక్కదాని మోత అందరికీ అడ్డం పడేది. వెనక ఎవరో ఒకరు నవ్వేవాళ్ళు. "నీకు చెవి లేదు చెల్లె, జర మెల్లగ వాయించు" అని అక్క మైకు దగ్గరే అనేది. మెల్లగా వాయించాను. తర్వాత తీగలకు తగలకుండా చెయ్యి ఊపడం నేర్చుకున్నాను. ఆదివారాలు చర్చికి రాని, ఇదంతా తెలియని అమ్మ, క్రిస్మస్‌కు నా బిడ్డ వాయిస్తది అని వాడంతా చెప్పుకుంది. సరిగ్గా అప్పుడే, ఈసారి నువ్వు వరసలో వద్దు, తెర మీద పాటల అక్షరాలు మార్చు, అంది అక్క. తలకొట్టేసినట్టయింది.

ఆ వారమే తీగ ఒకటి తెగింది. అక్కకు చెప్పడానికి మొహం చెల్లక, నిజామాబాద్ బస్సెక్కి హార్మోనియంలు బాగుచేసే దుకాణానికి పోయాను. అక్కడి ముసలాయన కొత్త తీగ వేసి, శ్రుతి చేసి, వాయించమన్నాడు. అక్క నేర్పిన సీ పట్టు పట్టి వాయించాను.

"మంచిగ పలికింది బిడ్డా, జీ," అన్నాడు.

"జీ కాదు తాతా, సీ."

"చిన్నవాటి మీద గట్ల పడితే సీ. వాటి తీగలు జీ, సీ, ఈ, ఏ. గీ పెద్దదానికి డీ, జీ, బీ, ఈ. గదే పట్టు దీని మీద జీ అయితది. నేర్పినోళ్ళు చెప్పలేదా?"

పెద్దదానికే వేరే రకం తీగలు వేసి చిన్నవాటిలా బిగించే వీలూ ఉందట. కానీ దాని మందపు గొంతు పోతుంది, వేళ్ళే మార్చుకో అన్నాడు. అందరూ సీ వాయించినప్పుడు నేను ఎఫ్ పట్టు పడితే నాదీ సీ పలుకుతుంది. రెండేళ్ళ అవమానానికి మందు అంతే.

పాపం అక్కకూ తెలియదేమో, చెబితే సంబరపడుతుందనుకుంటూ నేరుగా దవాఖానకు పోయాను. ఎంత పిచ్చిదాన్ని. ఆమె బీపీ చూసే పట్టీ చుట్టిపెడుతూ అంతా వింది.

"నాకెరుకే," అంది.

"ఎరుకుంటే మరి చెప్పలేదేందక్కా?"

"నాకు ఏడాది పట్టిన పట్టులు నువ్వు ఒక్క దినంల పట్టినవ్. నువ్వు మంచిగ వాయిస్తే నన్నెవరింటరు?"

చెంప మీద కొట్టినా ఇంత మండేది కాదు. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. చెల్లె చెల్లె అంటూ నా చెవినే నాకు శత్రువును చేసింది.

క్రిస్మస్ రోజు ఎవరూ పిలవకుండానే పోయి వరసలో కూర్చున్నాను. అక్క నన్ను చూసి, మైకు సరిచేసుకుని పాట ఎత్తుకుంది. కొత్త పట్టులతో వాయించాను. నా తీగలు మిగతా మూడింటి కింద చక్కగా ఒదిగాయి. ఎవరూ నవ్వలేదు. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

పాట అయిపోయాక పాస్టరయ్యగారు మైకు తీసుకున్నారు. "రెండేండ్లు ఓపికపట్టి గీ బిడ్డకు నేర్పింది మన సిస్టరమ్మ," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క నా భుజం మీద చెయ్యి వేసి, "అంత దేవుని కృప" అంది. నిజం నా నాలుక చివరిదాకా వచ్చింది. పండగపూట అమ్మ మొహం చూసి మింగేశాను.

మర్నాడు పొద్దున్నే అమ్మ, పెళ్ళిళ్ళకని దాచుకున్న చీర తీసి సంచిలో పెట్టి, నన్ను వెంటబెట్టుకుని అక్క ఇంటికి పోయింది. చీర ఆమె చేతుల్లో పెట్టి, "నా బిడ్డను గింతదాన్ని చేసినవ్ తల్లీ, నీ రుణం తీర్సుకోలేను" అంది.

అక్క నా వైపు చూడకుండా తీసుకుంది.